ఆరో వరుస

డ్రా తీసిన రాత్రి, టీవీలో, గాజు గిన్నెలోంచి
మా పేరు చిట్టచివర వచ్చింది.
చదివినాయన చీటీ చూసి ఒక్క క్షణం ఆగి
ఎక్కడ ఒత్తి పలకాలో తెలియక నవ్వేశాడు.
ఫారో దీవులు. గ్రూపులో ఆరో వరుస.
నేనప్పుడు ఉన్ని మేజోడుకి మడమ దగ్గర అతుకేస్తున్నాను.
సూది ఆగలేదు.

పది ఆటలు. ఐదు ఇక్కడ, ఐదు పరాయి గడ్డన.
నాకవి పది మూటలు.
మూటకి ఇరవై మూడు చొక్కాలు, అన్నే లాగులు.
ఏ దేశం మట్టి మోకాలిని ఎలా పట్టుకుంటుందో
నాకు తెలిసినంత కోచ్‌కి కూడా తెలీదు.
నల్లమట్టి చన్నీళ్ళకే లొంగుతుంది.
గీత గీసిన సున్నం మాత్రం
మూడు ఉతుకులకీ వదలదు, వడ్డీలాగా.

హోగ్ని చొక్కా ముందు నానేస్తాను.
గోల్‌కీపర్ కదా, అందరికంటే ఎక్కువ నేలని తాకినవాడు.
సోమవారం పొద్దున నిచ్చెనేసుకుని
మా వీధి దీపం బాగుచేస్తుంటాడు,
ఆదివారం వలలోంచి ఏడుసార్లు బంతి ఏరుకొచ్చిన ఆ చేతులతోనే.
కింద నిలబడ్డవాళ్ళు ఆట ఊసెత్తరు.
దీపం వెలిగిందా లేదా, అంతే.

మార్చిలో సున్నా - నాలుగు.
జూన్‌లో, రాత్రయినా చీకటి పడని రోజుల్లో, సున్నా - రెండు.
సెప్టెంబరులో గాలి మా జట్టులో ఆడింది:
వాళ్ళ కీపర్ తన్నిన బంతి
ఆకాశంలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగి
వాళ్ళ తలల మీదుగానే పోయి సముద్రంలో పడింది.
బంతుల కోసం పడవలో కాపుండే హానుస్ మామ
దాన్ని చేపలా ఎత్తి చూపించాడు.
ఆ రోజు ఒకటి - ఒకటి.
డిఫెండర్ ట్రోందుర్ బడిపంతులు.
మర్నాడు నల్లబల్ల మీద ఒకటి అంకె వేసి
వారం దాకా ఎవర్నీ తుడవనివ్వలేదు.

ఇంతకీ చెప్పాలనుకున్నది చివరి ఆట సంగతి.

నవంబరు. వాన అడ్డంగా కురుస్తోంది.
కొండవాలులో గొర్రెలు మాకు వీపు తిప్పి నిలబడ్డాయి.
వచ్చింది పెద్ద దేశం.
వాళ్ళకి గెలుపు ఒక్కటీ చాలదు,
నాలుగు గోల్స్ తేడా కావాలి.
ఎక్కడో ఇంకో మైదానంలో ఇంకెవరో
ఇదే లెక్క వేళ్ళ మీద వేసుకుంటున్నారు.
మాకు ఏమీ అక్కర్లేదు.
ఏమీ అక్కర్లేనివాడి పంతం ఎంత చెడ్డదో
ఆ రోజు చూశాను.

మొదటిది. రెండోది. విరామం తర్వాత మూడోది.
ఆపైన హోగ్ని
గాలికి తలుపు కొట్టుకున్నట్టు
ఆ గీత మీద ఇటూ అటూ కొట్టుకున్నాడు.
ఆఖరి నిమిషం. వాళ్ళ తొమ్మిదో నంబరు కుర్రాడు కొట్టింది
స్తంభానికి తగిలి, హోగ్ని వీపుకి తగిలి
సరిగ్గా గీత మీద ఆగింది.
నోటి దాకా వచ్చిన ముద్ద.
గాలి ఎటు తోస్తుందా అని
రెండు దేశాలు ఊపిరి బిగబట్టాయి.
ఇటు తోసింది.

మూడు గోల్స్‌తో ఓడి మేం ఎగిరి గంతేశాం.
మూడు గోల్స్‌తో గెలిచి వాళ్ళు కూలబడ్డారు.

బట్టల గదికొస్తే, నా బుట్ట పక్కన
దారి తప్పి వచ్చిన ఆ తొమ్మిదో నంబరు.
ఇరవై ఏళ్ళుంటాయేమో.
గోడకి నుదురానించి, చప్పుడు రాకుండా.
వాడి భాష నాకు రాదు. తువ్వాలు ఇచ్చాను.
జేబులో ఎండుచేప ముక్కుంటే అదీ ఇచ్చాను.
నమిలి, ఏడుపులోనే మొహం చిట్లించాడు.
హోగ్ని వచ్చి వాణ్ణి చూసి గుమ్మంలో ఆగాడు.
తర్వాత బల్ల మీద, ఇన్నేళ్ళూ తను కూర్చున్న చోటే కూర్చుని
కొంచెం పక్కకి జరిగాడు.

చొక్కాలు మార్చుకోకూడదని మా ఫెడరేషన్ రూలు,
కొత్తవి కొనే డబ్బుల్లేవు.
రాత్రి మూట విప్పి లెక్కపెట్టాను.
ఇరవై మూడు ఉన్నాయి.
ఒకదాని రంగు వేరు, సబ్బు వాసన వేరు.
పుస్తకంలో ఇరవై మూడు అనే రాసి
దాన్ని కూడా చన్నీళ్ళలో నానేశాను.