సువార్త సిస్టర్‌కి

తెనాలికి బదిలీ అయ్యారట కదా,
వాచ్‌మన్ చెప్పాడు.
అందుకే ఈ నాలుగు ముక్కలు.

గుర్తుంటుందో లేదో. మూడేళ్ల కిందట, శ్రావణం ముసుర్లో,
కిటికీ పక్క మూడో తొట్టె.
అట్టముక్క మీద పేరు కూడా లేదు,
నాగసుశీల బిడ్డ, ఆడ, పన్నెండు వందల ఎనభై.
మీరు పాలాడెతో ఐదైదు ఎమ్మెల్ పోస్తుంటే
నేను తూకం కాగితం ముందేసుకుని
నిన్నటికీ ఇవాళ్టికీ తీసివేతలు చేసేదాన్ని.
"గ్రాములు నేను చూస్తాలే, నువ్వు పిల్లని చూడు" అని
కసిరారు ఒకసారి.
అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు చూస్తున్నాను.

పేరు మనోజ్ఞ. తనకి నోరు తిరగదు, మనోగ్గ అంటుంది.
పదకొండు కిలోల నాలుగొందలు,
పాత పేపర్లతని కాటా మీద,
కాబట్టి ఓ వంద అటూ ఇటూ.
ఎత్తు నా టేపుతో ముప్పై ఆరంగుళాలు.
ప్రతి గౌనుకీ లోపల అంగుళంన్నర మడత దాచి కుడతాను.
మొదటేడు ఆ మడత విప్పే పనే పడలేదు.
ఈ వేసవిలో రెండుసార్లు విప్పాను, సిస్టర్.
పంటితో దారం తెంపి
మిషను మీద తల ఆనించి కాసేపు కూర్చున్నాను.

నడక పంతొమ్మిదో నెలలో. మాటలు ఇంకా ఆలస్యం.
కింద వాటా షాహీన్ కొడుకు గడగడా మాట్లాడుతుంటే
మా పిల్ల వాడి నోట్లోకి తొంగిచూసేది,
ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని.
ఎడమ కన్ను కొంచెం నెమ్మది. అద్దాలొచ్చాయి.
జారిపోకుండా వెనక ఎలాస్టిక్ నేనే కుట్టాను.
మధ్యాహ్నం పడుకునే ముందు అవి తీసి
కుట్టుమిషనుకి పెడుతుంది,
దానికీ కనపడాలిగా.

ఇష్టాలంటారా, ఖాళీ బాబిన్లు. నాలుగు చిల్లుల గుండీలు,
రెండు చిల్లులవి అవతల పారేస్తుంది.
మూడు వంతెనల కింద నిలిచిన వాననీళ్లు.
పైన రైలు పోతుంటే కింద నీళ్లెలా వణుకుతాయో
వాళ్ల నాన్న ఆటో ఆపి చూపించాల్సిందే,
వెనక ఎన్ని హారన్లు మోగినా సరే.
గోంగూర నాకి ఒక కన్ను మూస్తుంది. కారం మాత్రం
వాసనకే మంచం కిందికి దూరుతుంది.
గుంటూరులో పుట్టి! ఎవరితో చెప్పుకోను.

లెక్కలొచ్చు. అయితే ఒకటి నుంచి కాదు.
బ్రాడీపేట నాలుగో లైన్లో రోజూ అంగన్‌వాడీకి నడుస్తూ
అడ్డరోడ్ల బోర్డుల దగ్గర నేర్చింది,
నాలుగు బై ఏడు, నాలుగు బై ఎనిమిది, నాలుగు బై తొమ్మిది.
ఇడ్లీలు కూడా అలాగే లెక్కపెడుతుంది.
సరిచెయ్యమంటారు టీచరు. నాకు మనసొప్పట్లేదు.

మొన్న మీకు చూపిద్దామనే వచ్చాం.
లోపలికి పోనివ్వలేదు. బయట బల్ల మీద
ఒకమ్మాయి, మణికట్టుకి ఇంకా సెలైన్ ప్లాస్టరు,
చేతిలో చీటీ, పెదాల మీద తీసివేతలు.
"మీ పాపదెంతండీ, అప్పుడు?" అంది. చెప్పాను.
ఇంకేమీ అడగలేదు.
మనోజ్ఞ చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయింది,
ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకున్న ఆ చెప్పుల్ని.
మీరన్న మాట నాకు నోటిదాకా వచ్చింది,
అనలేకపోయాను. పక్కన కూర్చున్నాను, అంతే.
మనోజ్ఞ ఆమె చీటీ లాక్కుని
"నాలుగు బై పదమూడు" అని చదివిచ్చింది.

ఇంకోటి మర్చిపోయాను.
రెండ్రోజుల్నుంచి గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడుతోంది.
ఎందుకే అంటే చెప్పదు. పడుతుంది, లేస్తుంది,
పలకరిస్తే విసుక్కుంటుంది,
చాలా పనిలో ఉన్న మొహం.