కుడివైపు చూడండి

కుడివైపు చూడండి, కుడివైపు.
ఈ మాట దినానికి ఆరు సార్లు, అయిదు భాషల్లో.
కన్నడం అయ్యేలోపల పులి లేస్తాది,
హిందీకి వీపు, ఇంగ్లీషుకి తోక,
తమిళానికి పొద,
తెలుగుకి గడ్డి ఊగడం ఒక్కటే మిగులుతాది.
తెలుగు మా ఇంటిది. అందుకే ఆఖర్న పెట్టుకున్నా.
వడ్డించేవాళ్లు కడబంతికే కదా కూర్చునేది.

బన్నేరుఘట్ట కొండల కింద
కిటికీలకి ఇనప జాలీ బిగించిన బస్సు మాది.
"ఈడ బోనులో ఉండేది మనమే సార్"
అంటాను మొదటి మలుపు కాడ.
నవ్వుతారు. ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి
క్లచ్చి వదుల్తాడు డ్రైవరు గుర్రప్ప.
పదకొండేళ్లుగా అదే జోకు, అదే గేరు.

ఈ శనివారం బెంగుళూరు నుంచి ఏదో కంపెనీ.
మెడల్లో నీలం పట్టీలు తీయకుండానే ఎక్కారు.
ఒకాయన చెవిలో మీటింగు పెట్టుకునే
ఎలుగుబంటిని చూశాడు.
"మ్యూట్‌లో ఉన్నా" అన్నాడు,
నాతోనో, ఎలుగుతోనో.
ఎవరి కూతురో, రెండు జడల పిల్ల,
"అంకుల్, సింహం ఎందుకు అరవదు?" అనింది, తెలుగులో.
సర్కస్ నుంచి వచ్చింది పాపా,
అరవమన్నప్పుడల్లా అరిచి అరిచి
ఎవరూ అడగని చోటికి వచ్చాక
ఊరకుండడం ఎంత బాగుంటాదో చూసుకుంటా ఉంది
అనలేదు నేను.
"నిద్రొస్తా ఉందమ్మా" అన్నా.

జింకలు దాటినాం.
కందకం అవతల, ఎడమ పక్క,
వెదురు ఫెళ్లుమంది.
గుర్రప్ప ఇంజను ఆపేశాడు.

ఇది టికెట్టులో లేదు.
అడవిది. ఆడది.
ఎడమ చెవి అంచున అరచేయంత చిరుగు,
చుట్టూ నున్నగా, ఎంటికలు మొలవని తోలు.

మాకు రాగిచేను ఉండేది, ఈ కొండకి ఆ పక్క.
మంచె మీద నాయిన ఇరవై చలికాలాలు కూర్చున్నాడు.
కిరసనాయిలు డబ్బా, చింతకట్టె,
డబడబా డబడబా, మళ్లీ చీకటి.
నాకు పదమూడేళ్లప్పుడు, కోతకి నాలుగు దినాలుందనగా
మంద దిగింది.
కొరివి విసరమని నాయిన చెప్పలేదు.
నేనే విసిరినా.
ఆ అరుపు విన్నాక నాలుగు రాత్రిళ్లు
సంగటి గొంతు దిగలేదు.

తెల్లారి చేను చూస్తే
తొక్కిన చాప.
నాయిన తిట్టలేదు, ఏడవలేదు.
పంచె ఎగ్గట్టి అడుగులు లెక్క పెట్టుకుంటా పోయి
గట్టు కాడ నిలబడి
"తొమ్మిది" అన్నాడు.
"పోయినేడు ఎనిమిదే. ఒకటి పుట్టుండాది."
ఆ గొంతులో ఉన్నది ఏమిటో
నాకిప్పటికీ పేరు దొరకలేదు, అయిదు భాషల్లో.

చేను అమ్మేశాం. ఇప్పుడాడ రిసార్టు.
గేటు మీద సిమెంటు ఏనుగు, తొండమెత్తి, నవ్వు మొహం.
నాయిన అరెకెరెలో ఒక అపార్టుమెంటు కాడ
లోపలికి పోయే కార్ల నంబర్లు రాస్తాడు.
రాత్రి ఫోను చేస్తే
తిన్నావా అనడు, జీతమొచ్చిందా అనడు.
"ఎన్ని?" అంటాడు.

బస్సంతా ఎడమ పక్కకి ఒరిగింది.
ఫోన్లన్నీ లేచినాయి.
అందరూ నా మొహం చూస్తా ఉన్నారు, చెప్పు, చెప్పు.
నోరు తెరిస్తే
మొదట తెలుగే వచ్చింది.
"ఉండండి, లెక్క పెట్టనీండి."
రెండు జడల పిల్లకి ఒక్కదానికే అర్థమై
వేళ్లు మడవడం మొదలుపెట్టింది.
వెదుర్ల సందులో ఒకటి. ఇంకొకటి.
తల్లి కాళ్ల మధ్య, కుక్కపిల్ల సైజులో దుమ్ము.
చెవి చిరిగింది మాత్రం
అట్లే నిలబడి బస్సుని చూసింది,
నన్ను కాదు, నేనని దానికేం తెలుసు,
పచ్చరంగు రేకు డబ్బాని చూసి
తేలిగ్గా అటు తిరిగింది.

"పదమూడు" అనింది పిల్ల.
"పద్నాలుగు" అన్నాను.

గుర్రప్ప తాళం తిప్పాడు.
కుడివైపు చూడండి, కుడివైపు.
నెమలి ఉండాది.
ఎవరూ తిరగలేదు.