పద్నాలుగో గడి

పద్నాలుగో గడిలో ప్రశ్న:
ఈ ప్రాజెక్టులో ఎందుకు చేరదలచుకున్నారు?
జవాబుకి నాలుగు వేళ్ళ చోటు.

"సేవాభావం అని రాసీండి మేడం,
పోయినేడు అందరూ అదే రాసేరు"
అంటాడు సింహాద్రి, బీకర్లు కడుగుతూ.
నరసన్నపేటలో మధ్యాహ్నం, కరెంటు లేదు.

నిజం చెప్పాలంటే కారణాలున్నాయి,
అన్నీ గొప్పవి కావు.
రెండేళ్ళు హాజరు పట్టీలు తప్పుతాయి.
ఎన్నికల డ్యూటీ కూడానేమో.
దినభత్యం ఉంటుందన్నారు.
నలభై ఆరేళ్ళొచ్చాయి,
నా మాటల్లో నాకే సుద్దముక్క రుచి.

కానీ బీరువా మీద ఆ సీసా ఉంది కదా.

మైలపల్లి దానమ్మ తెచ్చింది,
కళింగపట్నం దాపు నుంచి, రెండు ఆటోలు మారి.
చున్నీతో మూత తుడిచి బల్ల మీద పెట్టింది.
"మా నూతి నీళ్ళు మేడం.
ఉప్పెంతుందో సూసి సెప్తారేటి?"

సిల్వర్ నైట్రేట్‌కి గడువు తీరి మూడేళ్ళు.
ఉన్న ఒక్క బ్యూరెట్‌కీ మూతి విరిగింది.
బోర్డు మీద బ్యూరెట్ గీశాను,
దాని కింద కుప్పె,
మధ్యలో చుక్కలు కూడా గీశాను, మూడు.
పసుపు పోయి ఇటుకరంగు వస్తుంది, రాసుకోండి.

"ఏ ఇటిక మేడం?
మా నాన్న బట్టీలో పన్చేసేడు.
సగం కాలిందొక రంగు, బాగా కాలిందొక రంగు.
ఏ ఇటిక కాడ ఆపాల?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
ఇరవై ఏళ్ళు చెప్పిన పాఠంలో
ఆ ప్రశ్న నాకెందుకు రాలేదో
సాయంత్రం బస్సు మడపాం వంతెన దాటుతుంటే
అప్పుడు గుచ్చుకుంది.

ఆ ఏడూ అరవై రికార్డులు.
అరవైలోనూ ఒకటే అంకె:
ఎనిమిది పాయింటు నాలుగు మిల్లీలీటర్లు.
ఎవరో, ఎప్పుడో, ఏ కాలేజీలోనో
నిజంగా కళ్ళతో చూసిన అంకె,
ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ తిరిగే గంగాళంలా
చేతులు మారుతూ మా దాకా వచ్చింది.
అరవై చోట్లా ఎర్రసిరాతో నా సంతకం.
దానమ్మకి ఇరవై అయిదుకి ఇరవై నాలుగు,
చేతిరాత బాగుందని.

మొన్న మార్చిలో కనిపించింది, శ్రీకాకుళం కాంప్లెక్సులో.
బఠాణీల పొట్లం నా చేతిలో పెట్టి చెప్పింది:
పైడిభీమవరంలో ఏదో మందుల కంపెనీ,
ఇంటర్వ్యూలో పిపెట్ ఇచ్చారట.
"ఎటేపు పట్టుకోవాలో తెలీలేదు మేడం.
బొమ్మలో రెండేపులా ఒకలాగే ఉంటాది కదా."
నవ్వుతూనే చెప్పింది.
తిట్టినా బాగుండేది.

ఈ ప్రాజెక్టు ఏం చేస్తుందో నాకు తెలీదు.
సమావేశాలుంటాయి.
గాజుసామాను వస్తుంది, సగం దారిలోనే పగులుతుంది.
తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న మాట మీద
ఆర్నెల్లు గడుస్తాయి. లోగడ ఒకటి చూశాను.
అయినా చిన్న కాలేజీలు పదింటికి
ఒక్క ల్యాబు తిప్పుతారంటున్నారు, వ్యానులో.
ఆ వ్యానులో ఒక మూల నాకు కావాలి.

"రాసీసేరా? టపా ఎలిపోతాది."

సేవాభావం అని రాశాను. కొట్టేశాను.
మిగిలిన రెండు వేళ్ళ చోటులో రాశాను:
ఎనిమిది పాయింటు నాలుగు
ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

చదివేవాళ్ళకి అర్థం కాదు. కానీ.

సింహాద్రి కవరు పట్టుకెళ్ళాక సీసా దించాను.
మూత చుట్టూ తెల్లగా పేరుకుంది.
ల్యాబులో ఏదీ నోట పెట్టకూడదని
ఏటా మొదటిరోజు నేనే చెబుతాను.
గోటితో గీకి
నాలిక మీద వేసుకున్నాను.