అతుకుల దిండు

మా ఊరికి వీధి ఒక్కటే.
ఒక కొసన సముద్రం, రెండో కొసన ఆస్పత్రికి పోయే మలుపు.
న్యూఫౌండ్‌లాండ్‌లో నవంబరు దాటితే
ఆ ఒక్క వీధినీ మంచు మింగేస్తుంది.
తెల్లవారుజామున నాలుగింటికి
డ్రూసిల్లా పెన్నీ బండేసుకొచ్చి
దాన్ని మంచు గొంతులోంచి బయటికి లాగుతుంది.

మంచు నెట్టే బండి సంగతి తెలియనివాళ్ళకు చెప్తున్నాను:
అది దారి తెరుస్తుంది, వాకిలి మూస్తుంది.
రోడ్డు మీదిదంతా తెచ్చి
నడుమెత్తు కట్టగా గేటు ముందు పోసిపోతుంది.
అందులో దాని తప్పేం లేదు. రెక్క వాలు అటే.

పోయినేడు నా మోకాలు కోసి కుట్టారు.
ఆ శీతాకాలమంతా
నా గేటు దగ్గరికి రాగానే రెక్క పైకి లేచేది,
గేటు దాటాక మళ్ళీ దిగేది.
మంచంలోంచి వినేవాణ్ణి:
గరగర, మౌనం, గరగర.
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.
ఆ మధ్యలో మౌనానికి బదులేమివ్వాలో తేల్చుకోడానికి
ఏడాది పట్టింది నాకు.

నలభయ్యేళ్ళు వలలు బాగుచేసిన చేతులివి.
వల అంటే చిల్లుల్ని వరసగా కట్టుకురావడమే.
బట్ట వేరు. ఇక్కడ చిల్లు కనబడితే పరువు పోతుంది.

చర్చి హాల్లో కుట్టుమిషను అరువిస్తూ
ఫిలొమీనా అంది:
"తొమ్మిది ముక్కలు చాలు, ఆంబ్రోస్. మూడు వరసలు.
అంచుకు పావంగుళం వదులు.
పొగరు కూడా కాస్త వదులు."

ముక్కల కోసం ఇల్లంతా దేవాను.
మా అన్న లియాండర్ గళ్ళ చొక్కా,
మోచేతులు చిరిగాయి గానీ వీపు గట్టిగానే ఉంది.
వంటింటి తెర, సగం ఎండకు వెలిసి, సగం ఇంకా నీలం.
పిండి సంచి, దాని మీద ఏదో మిల్లు పేరులో మిగిలిన సగం.
ఆస్పత్రిలో నాకు తొడిగిన చారల గౌను, నేను తిరిగివ్వనిది.
దొంగతనమే, ఒప్పుకుంటాను. మెత్తటి బట్ట.

మొదటి వరస తిన్నగా వచ్చింది.
రెండోది తాగినవాడిలా నడిచింది.
విప్పాను. కుట్టాను. విప్పాను.
మూడోసారి సూది వేల్లో దిగి
పిండి సంచి మీద ఎర్ర చుక్క పడింది.
ఉమ్మి రాసి తుడిస్తే గోధుమరంగై కూర్చుంది.
నాలుగు మూలలు కలవాల్సిన చోట
చొక్కా గళ్ళూ గౌను చారలూ
గింజంత ఎడంగా ఆగిపోయాయి,
మాటల్లేని చుట్టాలు పెళ్ళిలో ఎదురుపడ్డట్టు.
అలాగే ఉంచాను.

పైన అతుకులు, కింద పాత దుప్పటి, మధ్య దూది.
మూడింటినీ కలిపి కుట్టబోతే మిషను మొరాయించింది.
అప్పుడు వలల చెయ్యే అక్కరకొచ్చింది.
దీపం కింద, చేత్తో, బొంతకుట్టు.
బయట గాలి తలుపులు విరగ్గొడుతోంది.
లోపల దారం దూదిలోంచి పోయే సవ్వడి.
అంత చిన్న చప్పుడు నా ఇంట్లో ఉంటుందని
నాకు తెలియదు.

క్రిస్మస్ ముందు రాత్రి
కాగితంలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగి
గేటు గుంజకు వేలాడదీశాను.
చీటీ మీద ఏం రాయాలో తోచక
"నడుముకి" అని రాశాను.

నాలుగింటికి వెలుగు కిటికీ మీదుగా పాకింది. రెక్క లేచింది.
ఈసారి బండీ ఆగింది.
తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు, మళ్ళీ తలుపు.
అరవై ఏడేళ్ళవాణ్ణి,
ఊపిరి బిగబట్టి దుప్పటి కింద దాక్కున్నాను.

జనవరిలో పెట్రోలు బంకు దగ్గర ఆమె బండి కనబడితే
అటుగా పోతున్నవాడిలా పోయి తొంగిచూశాను.
డ్రైవరు సీటులో ఏమీ లేదు.
పక్క సీటులో ఉంది నా దిండు.
దాని మీద ఆమె ముసలి కుక్క,
మూతి నెరిసి, ఒక కంటికి పొర కమ్మి,
సరిగ్గా ఆ కలవని మూల మీద
గడ్డం ఆనించి నిద్రపోతోంది.

డ్రూసిల్లా కాఫీ కప్పుతో వెనకనుంచి వచ్చింది.
"దానికీ నడుమే," అంది.

తలూపాను.
ఇద్దరం కాసేపు మంచు వైపు చూస్తూ నిలబడ్డాం,
ఏదో చెప్పాల్సిన మాట అక్కడ జారిపడ్డట్టు.

ఇంటికొచ్చి, మిగిలిన ముక్కలు లెక్కపెట్టాను.
ఏడున్నాయి.
ఇంకో రెండు కావాలి.