చూశాను

రాత్రి పదకొండింటికి షాపు గది ఊడుస్తాను నేను.
అల్యూమినియం రజను, తెగిన జిప్ టైల తోకలు,
పిజ్జా అట్టపెట్టె మీద ఎవరో వేసిన గేర్ల లెక్క.
తప్పు లెక్కే, అయినా పారేయను.
బయట టామరాక్ ఊరి మీద
మూడో రోజు కూడా విసుగు లేకుండా మంచు.

ఈ గదికో పురాణం ఉంది.
కొత్త పిల్లలకి పాత పిల్లలు చెబుతారు,
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, గొంతు తగ్గించి:
మొదటి ఏడాది, మొదటి ఆట.
గంట మోగింది, జనం లేచి నిలబడ్డారు,
మన రోబో మాత్రం కదల్లేదు.
రెండున్నర నిమిషాలు
అలిగిన అల్లుడిలా అక్కడే.

ఎందుకంటే ఒక్కొక్కరిది ఒక్కో కథ.
పిడుగు పడిందంటాడు కార్ల్ హైనో.
పక్క ఊరివాళ్లు తీగ కోశారంటుంది బ్రిట్టా.
నిజం చిన్నది.
బ్యాటరీ కనెక్టరు పెట్టడం ఎవరో మరిచారు.

అప్పటినుంచీ ఆనవాయితీ:
ఆటకు ముందు, జట్టులో అందరికన్నా చిన్నవాళ్లు
వంగి, ఆ ఎర్ర కనెక్టరును బొటనవేలితో నొక్కి
అందరికీ వినబడేట్టు "చూశాను" అనాలి.
అనేదాకా బండిని ఎవరూ తొయ్యరు.

లాహ్తి మాస్టారు పెట్టిన నియమం.
ఆ రోజు ఆయన తిట్టలేదు.
తిరుగు బస్సులో నూట నలభై మైళ్లూ
చేప శాండ్‌విచ్ నములుతూ కిటికీలోకి చూసి,
ఊరి పొలిమేరలో అన్నారు:
"ఇకమీదట ఒకరు చూడాలి. చూశామని చెప్పాలి."
అంతే.

ఇంకోటి పేర్ల సంగతి.
ప్రతి రోబోకీ మూతపడ్డ ఓ ఇనుప గని పేరు.
నార్త్ కింగ్, బ్లూ మేరీ, ఓల్డ్ ఆస్టర్...
మా నాన్న దిగిన గని తొమ్మిదో రోబో అయింది.
బంతులు బాగానే విసిరింది,
క్వార్టర్ ఫైనల్లో చెయ్యి విరిగింది.
నాన్నకి విరిగింది కాలు.

బంపర్ల గుడ్డ వెర్నా కుడుతుంది,
రద్దయిన హాకీ జట్టు జెర్సీలు కోసి.
ఏ నంబరు ఏ వైపు పడాలో ఆవిడ ఇష్టం.
ముందువైపు మాత్రం ఎప్పుడూ పదిహేడే.
ఎందుకో ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

ఈ ఏడాదికి గనులు అయిపోయాయి.
పద్దెనిమిది గనులు, పద్దెనిమిది రోబోలు.
పందొమ్మిదోది బల్ల మీద ఉంది, పేరు లేని పసిబిడ్డలా.
"మొన్న మూసేసిన కిరాణా కొట్టు పేరు పెడదాం"
అన్నాడు కార్ల్.
ఎవరూ నవ్వలేదు.
వాళ్లమ్మ అక్కడే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది.

జట్టులో ఇప్పుడు అయిదుగురే.
చిన్నది ఆర్లీ పెల్కోనెన్, తొమ్మిదో తరగతి.
ఇవాళ నేను చెత్తబుట్ట ఎత్తుతుంటే అడిగింది:
"మీరూ ఈ బడేనట కదా.
ఆ మరిచిపోయింది ఎవరు?"

చీపురు గోడకి ఆనించాను.
పిడుగు అందామనుకున్నాను.
పిడుగైతే బావుంటుంది, చెప్పుకోడానికి.

"నేనే."

ఆ పిల్ల నవ్వలేదు, జాలీ పడలేదు.
కాసేపు నా చేతులకేసి చూసి
"ఎక్కడుండేది అప్పట్లో, ఆ కనెక్టరు?" అంది.
మోకాళ్ల మీద వంగి చూపించాను:
ఇక్కడ, అడుగున, మోటారు వెనకాల.
చెయ్యి దూరేది కాదు.
"అయితే డిజైను తప్పు,"
అంది, నోటుబుక్కులో రాసుకుంటూ.

వాళ్లంతా వెళ్లాక
లైట్లు ఆర్పే ముందు బల్ల దగ్గరికెళ్లాను.
పేరు ఉండాల్సిన చోట నీలం టేపు, ఖాళీగా.
చార్జరు మీద బ్యాటరీ పచ్చగా వెలుగుతోంది.
ఎర్ర కనెక్టరు పైనే ఉంది ఇప్పుడు,
చిన్నపిల్ల చెయ్యి పట్టేంత చోటుతో.
నా బొటనవేలు దాని దాకా వెళ్లి ఆగింది.
నా వంతు కాదది.