మతిమరుపు

గంటస్తంభం వెనక సందులో
అసిరయ్య దుకాణానికి బోర్డు లేదు.
గుమ్మానికి వేలాడే చిరిగిన కోనే గుర్తు.

పీఎఫ్ డబ్బులో సగం పోసి కొన్న స్పీకరుని
తువ్వాల్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
భాద్రపదం ముసురుకి కాగితం చెమ్మ పట్టి
వయొలిన్ మంద్రానికి దిగినప్పుడల్లా
లోపల ఏదో గీరుకుంటోంది.

అతను స్విచ్చి వెయ్యలేదు.
పనసపండు చూసేవాడిలా గోటితో తట్టి
కోన్ అంచుకి పెదవి ఆనించాడు.
"జూట్ మిల్లు, ఇరవయ్యేళ్ళు బాబూ.
మగ్గాలు నా సెవుల్లో పైసుతి తినీసినాయి.
పిట్ట కూస్తే నాకు నోరు తెరిసినట్టే కనబడతాది."

బల్ల కింద నుంచి ఒక్కోటీ తీశాడు.
ప్లాస్టిక్ కోను: "తిండెక్కువైనోడు. పిలిస్తే లేవడు."
అల్యూమినియం తడితే ణంగుమంది, ఆగలేదు:
"సత్తుగిన్నె. మనం వొగ్గేసినా అది వొగ్గదు."
"పొందూరు సన్నగుడ్డకి జిగురు పూసి
గోపురం సేసినానోపాలి.
మాట మెత్తన. పదును నేదు."

నా పెట్టెలో పైనున్న చిన్న గోపురం వైపు చెయ్యి చాపాడు.
ముట్టకు, అన్నాను.
బెరీలియం. నాలుగో మూలకం.
ముప్ఫైయేళ్ళు పాఠం చెప్పాను, కంటితో చూడలేదు.
ఈకంత తేలిక, ఉక్కుని మించిన బిరుసు.
ఇదీ మోగుతుంది, కానీ మనిషి చెవి దాటిపోయాక.
"అంటే అది తప్పు సేసినా మనకి తెల్దు."
తెలీదు.
"అయితే పెద్దింటిదే."

కోనుని బల్బు కింద ఆరబెట్టాడు.
పాత ఎక్స్‌రే ఫిల్ము సన్నగా కత్తిరించి
కాయిల్ చుట్టూ దోపి, మధ్యకి తెచ్చాడు.
ఒక ముక్క మీద ఎవరిదో పక్కటెముక.
"కాయితాన్ని మించింది నేదు బాబూ.
మాటవగానే మరిసిపోద్ది.
మతిమరుపుండాల దీనికి."

టీకొట్టు పిల్లని కేకేశాడు:
"ఒలే పోలేశ్వరీ, గీక్కుంటందేటి?"
జడ పక్కకి తోసి వింది.
"నేదు తాతా."

నూటయాభై ఇచ్చి, మిల్లు ఎప్పుడు మూశారన్నాను.
"పదకొండేళ్ళు. రేత్రి తొంగుంటే నడుస్తాది."
కణత మీద గోటితో తట్టుకున్నాడు.
"ఇది రేకు."

ఇంట్లో ఆ రాత్రి
కమాను తీగ మీంచి లేచిపోయాక
ఫ్యాను చప్పుడు, గోడ మీద బల్లి,
ఇంకేమీ లేదు.
అంత శుభ్రంగా ఏమీ లేకపోవడానికి
నాకెందుకో కొంచెం సిగ్గేసింది.