వరద గీత

సిరొంచ దాటి ఆసరెల్లి రోడ్డు పట్టినంక
ఎడమ పక్క నాలుగెకరాల పడావు,
రెండు ఇనుప కమ్మీల మీద ఒక రేకు బోర్డు.
బోర్డుకు కావలి నేను.

దుర్గం పోచలు, యాభై రెండేండ్లు,
నెలకు ఆరు వేలు.
ఈ మిర్చి ఫ్యాక్టరీ ఇచ్చిన మొదటి కొలువు నాదే,
ఇప్పటిదాకా ఆఖరుది కూడా.

రేకు మీద మరాఠీల రాసున్నది:
కోల్డ్ స్టోరేజీ, మిర్చి నూనె, నూట నలభై మందికి పని.
కింద పెద్దక్షరాల్ల "లవకరచ్".
అంటే తొందర్లనే అని.
వానకాలానికి ఆ ఒక్క మాటే వెలిసిపోతది.
దీపావళికి పెయింటర్ ఖాజా వచ్చి
ఆ ఒక్క మాటే మళ్ల దిద్దుతడు.

అడెపువార్ శేషరావు షావుకారి,
ఇంటిపేరు మనదే, తోక ఇక్కడిది,
ఎన్.ఏ. కోసం కాగితం పెట్టిన నాడే
మా వాడకట్టు వైశాలి ఐటీఐల చేరింది, ఫిట్టర్.
తలాఠీ సాత్‌బారా తీసిండు.
ఫైలు తహసీలెక్కింది,
గడ్చిరోలి పోయింది, నాగపూర్ పోయింది,
రెండేండ్లకు తిరిగొచ్చింది ఒక ప్రశ్న మోసుకొని:
సదరు స్థలంల వరద మట్టం ఎంత?

మంచి ప్రశ్నే. తప్పు పట్ట.
ప్రాణహిత పొంగితే ఎట్లుంటదో
మా పత్తికి తెలుసు, మా మట్టిగోడలకు తెలుసు.
అంతకు ముందటి ఏడే, రాత్రి నీళ్లొస్తే
ఈ కమ్మీ పట్టుకొని నిలబడ్డ.
మోకాలు దాటి, ఇంకో జానెడు ఎక్కి, ఆగినయి.
తెల్లారి తాళంచెవితోటి గీకిన గీత
ఇంకా అట్లనే ఉన్నది.

ఆ గీతకు ఆనుకొనే రోజూ సద్ది తింట.
ఆ గీత కోసమే ఫైలు
మూడు ఊర్లు, ఏడు బల్లలు తిరుగుతాంది.
ఒక్కడొచ్చి నన్నడిగితే అయిపోవు.
వచ్చి, చూసి, "ఇక్కడ వద్దు" అన్నా బాగుండు.
వద్దు అన్న మాటకు కాళ్లుంటయి,
మనిషి లేచి ఇంకో దిక్కు నడుస్తడు.
చూద్దాం అన్న మాట
కూసోబెడ్తది.

కూసున్నది వైశాలి.
సర్టిఫికెట్ తెచ్చుకున్న ఏడు
బెల్టు ఎట్ల బిగిస్తరో గాలిల చేతులు తిప్పి చూపించేది.
ఆ మర్సటేడు బోర్డు దిక్కు చూసుకుంట పోయేది.
ఇంకో మే నెల, తునికాకు కల్లంల కనబడ్డది,
కట్టకు డెబ్బై ఆకులు,
ముడి మాత్రం ఫిట్టర్ ముడి, ఊడదు.
ఇప్పుడు మంచిర్యాల్ల బట్టల షాపుల ఉన్నదట.
దినమంత నిలబడే పని.

మిర్చి ఆగదు గదా.
ఫిబ్రవరి వచ్చిందంటే డీసీఎంలు నా ముందట్నుంచే
వంతెన దాటి వరంగల్ పోతయి.
ఘాటు ఇక్కడ దిగుతది, పైసలు అక్కడ.
తుమ్ముకుంట లెక్కపెడ్త.
ఒకనాడు ఎనభై మూడు బండ్లు.
ఆ లెక్క ఎవరికి చెప్పాలెనో తెల్వలే.

షావుకారి ఆఖరుసారి వచ్చినప్పుడు కారు దిగలే.
"బ్యాంకు వడ్డీకి వరద మట్టం లేదు పోచలూ" అన్నడు.
మిషన్లు ఖమ్మం దిక్కు పోయినయట.
నా జీతం మాత్రం ఆపలే.
ఆపితే ఇక్కడేం లేదని
ఒప్పుకున్నట్టయితదనేమో.

మొన్న మంగళవారం, మిట్టమధ్యాహ్నం,
తహసీల్ సిపాయి బండి మీద వచ్చిండు.
పెద్ద కవరు, గుండ్రటి ముద్ర. మంజూరైందట.
షావుకారి ఏడి?
లేడు.
మరి ఈ చిరునామాల ఎవరున్నరు?
నేనున్న.
వేలు పెట్టి చూపిండు సంతకం ఎక్కడ పెట్టాలెనో.
రాసేందుకు బల్ల లేదు,
గొంతుకూసొని పుస్తకం కమ్మీకి ఆనించి
పేరు రాసిన.

బండి స్టార్ట్ చేసుకుంట అతనే చూసిండు,
నా చెయ్యి పక్కన ఇనుము మీద తుప్పు పట్టిన గీత.
"ఇదేంది కాకా?" అన్నడు.

ఆరేండ్లకు ఒకరు అడిగిన్రు.
బండి బంద్ చెయ్యమన్న.
మొదటి నుంచి చెప్పిన.